శిలల సాక్ష్యం విన్న ఆచార్యుడు – బీర్బల్ సాహ్ని

మన జహీరాబాదు గుట్టల మీద నడిచే వారికి వింత ఆకృతులు గల రాళ్ళు కొత్త కాదు. లేటరైటు అనే ఎర్రరాయిలోని గొట్టాల వంటి రంధ్రాలు ఎముకలను తలపిస్తాయి. నల్లరాయి ఎండకు వానకు శిథిలమై ఉల్లిపొరల వలె ఊడిపోగా మిగిలిన గుండు పెద్ద గ్రుడ్డు వలె కనిపిస్తుంది. రాతి పగుళ్ళలో మాంగనీసు ఆక్సైడు నల్లని కొమ్మలుగా అల్లుకొంటే అవి ఆకుల ముద్రలే అనిపిస్తుంది. కాని ఇవేవీ శిలాజాలు కావు. ఒకప్పుడు జీవించిన ప్రాణి లేక మొక్క యొక్క అవశేషమో, జాడో అయితేనే అది శిలాజం. ఆకారం చూసి భ్రమపడక, రాయి లోపలి నిర్మాణాన్ని, అది లభించిన పొరను పరీక్షించి సత్యాన్ని నిర్ణయించడమే జీవితవ్రతంగా పెట్టుకొన్న మహనీయుడు ఆచార్య బీర్బల్ సాహ్ని.

ఆయన 1891 నవంబరు 14న పశ్చిమ పంజాబులోని భేరా పట్టణంలో జన్మించారు. తండ్రి రుచిరామ్ సాహ్ని లాహోరులో రసాయనశాస్త్ర అధ్యాపకులు. సెలవులు వచ్చినపుడు ఆయన పిల్లలను హిమాలయాలకు తీసుకొనిపోయి కొండదారులలో నడిపించేవారు. మొక్కలను, రాళ్ళను సేకరించే అభిరుచి బాలుడైన బీర్బల్‌కు ఆ యాత్రలలోనే అలవడింది.

1911లో లాహోరులో పట్టభద్రుడై ఆయన కేంబ్రిడ్జి చేరారు. అక్కడ వృక్షశిలాజ శాస్త్రంలో ప్రఖ్యాతుడైన ఆచార్య సీవార్డ్ ఆయనకు గురువైనారు. 1915లో వెలువడిన తొలి పరిశోధన వ్యాసంలోనే సాహ్ని ఒక విలువైన హెచ్చరిక చేశారు. గింకో చెట్టు అండాలలో వేరొక జాతి మొక్క పుప్పొడి చేరి ఉండడం ఆయన గమనించారు. అటువంటి అండం శిలాజమైతే, భావికాలపు పరిశోధకుడు ఆ రెండూ ఒకే మొక్కకు చెందినవని పొరబడగలడు. కనుక రెండు వస్తువులు ఒకచోట దొరికినంత మాత్రాన వాటికి సంబంధం ఉన్నదని చెప్పరాదు. ఒకటి మరొకదానిలోకి ఎట్లా వచ్చిందో విచారించాలి.

1919లో స్వదేశానికి తిరిగివచ్చి, కాశీలోను లాహోరులోను కొంతకాలం బోధించి, 1921లో లక్నో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగానికి తొలి ఆచార్యులైనారు. రాజమహల్ కొండలలో లభించిన శిలాజాలపై ఆయన చేసిన కృషి ప్రపంచ ప్రసిద్ధమైనది. రాయిగా మారిన కొయ్యను కాగితం వలె పలుచగా కోసి, సానపట్టి, సూక్ష్మదర్శిని క్రింద ఉంచితే జీవకణాల వరుసలు కనిపిస్తాయి. సాధారణ శిలలో కనిపించేవి ఖనిజ స్ఫటికాలు మాత్రమే. కొయ్యకు రాతికి గల ఈ భేదం పైపై చూపుకు అందదు. విడివిడిగా దొరికిన కాండం, ఆకులు, పుష్పాలు ఒకే మొక్కవని నిరూపించి, 1932లో ఆ మొక్క పూర్ణరూపాన్ని చిత్రించి, దానికి గురువు పేరిట విలియమ్‌సోనియా సీవార్డియానా అని నామకరణం చేశారు. 1936లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనను వరించింది.

మన కాళ్ళ క్రింది దక్కను నల్లరాయి కూడా ఆయన పరిశోధనకు పాత్రమైనది. ఒక లావా ప్రవాహానికి, మరొక ప్రవాహానికి నడుమ ఏర్పడిన సరస్సుల బురదలో చిక్కిన మొక్కల శిలాజాలను, ముఖ్యంగా మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతపు వాటిని, ఆయన శ్రద్ధగా పరిశీలించారు. ఆ లావా ఇయోసీన్ కాలం నాటిదని ఆయన అభిప్రాయం. నేటి కొలతలు దాని వయస్సు సుమారు 6.6 కోట్ల సంవత్సరాలని, అనగా ఆయన తలచినదానికంటె కొంత ముందటిదని తెలుపుతున్నవి.

ఆయన చూపు శిలాజాలకే పరిమితం కాలేదు. 1936లో రోహతక్ సమీపాన ఖోక్రాకోట్ దిబ్బపై కనిపించిన మట్టిపెళ్ళలను ఆయన సామాన్యపు పెంకులుగా వదలివేయలేదు. అవి ప్రాచీన కాలంలో నాణేలు పోతపోసిన అచ్చులని గుర్తించి, 1945లో ఆ విద్యపై ఒక గ్రంథమే ప్రకటించారు.

ఇంతటి నిశిత దృష్టి గలవారికి కూడా శిలలు కఠిన పరీక్ష పెట్టాయి. పంజాబులోని ఉప్పుకొండల వయస్సు గురించి అప్పట్లో పెద్ద వివాదం నడిచింది. ఆ ఉప్పును కరిగించి చూడగా అందులో సూక్ష్మమైన వృక్షావశేషాలు కనిపించినవి. వాటిని ఆధారం చేసికొని, ఉప్పుపొర ఇయోసీన్ కాలానిదని సాహ్ని వాదించారు. అది కేంబ్రియన్ కాలానిదని భూగర్భ శాస్త్రజ్ఞులు పలువురు ప్రతివాదించారు. 1944, 1945 సంవత్సరాలలో ఈ విషయమై ప్రత్యేక చర్చా సమావేశాలు జరిగినవి. కాలక్రమాన శాస్త్రలోకం ఆ పొర వయస్సు యాభై కోట్ల సంవత్సరాలకు పైబడినదని నిర్ణయించి, ఆ అవశేషాలు తరువాత వచ్చి చేరినవేనని భావించింది. గింకో అండంలో పరాయి పుప్పొడిని పట్టుకొన్న ఆచార్యునికే ఉప్పులోని పరాయి రేణువు చిక్కలేదన్నమాట. ఇందువలన ఆయన గౌరవానికి లోటు లేదు. తన ఆధారాలను దాచక బహిరంగ చర్చకు పెట్టినందుననే ఇతరులు వాటిని పరీక్షించి సత్యాన్ని నిగ్గు తేల్చగలిగారు.

వృక్షశిలాజ శాస్త్రానికి ఒక ప్రత్యేక సంస్థ ఉండాలని తలచి, 1946లో లక్నోలో దానిని స్థాపించి, తన ఆస్తిని, గ్రంథాలను, శిలాజాలను దానికే సమర్పించారు. శిలాజాలను పొదిగి ఆయన స్వయంగా తయారుచేసిన శంకుస్థాపన ఫలకాన్ని 1949 ఏప్రిల్ 3న పండిత నెహ్రూ ప్రతిష్ఠించారు. సరిగా వారం రోజులకు, ఏప్రిల్ 10న, సాహ్ని గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన సతీమణి సావిత్రీ సాహ్ని దుఃఖాన్ని దిగమ్రింగి ఆ భారం వహించగా, 1953లో సంస్థ నూతన భవనం ప్రారంభమైనది. నేడది ఆయన పేరుతోనే వర్ధిల్లుతున్నది.

ఆ పరిశోధనా పరంపర మన పొరుగుకు కూడా వచ్చింది. వికారాబాదు ప్రాంతంలోని నాస్కల్ గ్రామం వద్ద, లావా పొరల నడుమ, జి.వి.ఆర్. ప్రసాద్, బీర్బల్ సాహ్ని సోదరుని కుమారుడైన అశోక్ సాహ్ని అతి చిన్న పళ్ళను కనుగొన్నారు. భారతదేశంలో క్రెటేషియస్ కాలపు క్షీరదానికి అవే తొలి ఆధారమని 1988లో వారు ప్రకటించారు. చూచేవారి కంటికి ఆనని ఆ పళ్ళు, గ్రుడ్ల వలె భ్రమగొలిపే పెద్ద గుండ్లకంటె ఎంతో విలువైనవి.

విద్యార్థి మిత్రులారా! గుట్టపై వింతరాయి దొరికినపుడు తొందరపడి పగులగొట్టవద్దు. దొరికిన చోటును, పొరను వ్రాసిపెట్టుకొనండి. అది ఆ పొరలోనిదా, వరదకు కొట్టుకొని వచ్చినదా అని విచారించండి. లోపల జీవనిర్మాణం ఉన్నదేమో భూతద్దంతో చూడండి. తెలిసిన అధ్యాపకులకు చూపండి. అది వట్టి రాయి అని తేలినా నిరాశ పడవద్దు. వట్టి రాయిని వట్టి రాయిగా గుర్తించడం కూడా విజ్ఞానమే.