తొలి సూది ఎవరికి? – వాల్డెమార్ హాఫ్కిన్

అంటువ్యాధి ఒక ప్రాంతాన్ని చుట్టుముట్టినప్పుడు వైద్యశాస్త్రానికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. వ్యాధిని నివారించే మార్గమేది అన్నది మొదటి ప్రశ్న. ఉన్న కొద్దిపాటి మందును ముందుగా ఎవరికి ఇవ్వాలి అన్నది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్నకు ప్రయోగశాలలో సమాధానం దొరుకుతుంది. రెండవది మనిషి వివేకానికి, ధర్మబుద్ధికి పరీక్ష. ఈ రెండు ప్రశ్నలనూ భారతదేశపు గడ్డమీద ఎదుర్కొన్న శాస్త్రజ్ఞుడు వాల్డెమార్ హాఫ్కిన్.

హాఫ్కిన్ 1860 మార్చి 15న, నాటి రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సా నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్త మెచ్నికోవ్ వద్ద విద్యనభ్యసించాడు. మతం మార్చుకుంటేనే అధ్యాపక పదవి లభించే కాలమది. ఆయన అందుకు అంగీకరించలేదు. స్వదేశాన్ని విడిచి జెనీవా చేరాడు. 1889లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు వెళ్ళాడు. అక్కడ ఖాళీగా ఉన్నది గ్రంథాలయంలోని ఒక చిన్న ఉద్యోగమే. దానినే స్వీకరించి, మిగిలిన సమయాన్ని పరిశోధనకు వినియోగించాడు.

ఆ రోజులలో కలరా ఖండాలను దాటి వ్యాపిస్తూ ఉండేది. తెలంగాణ పల్లెలలో దానినే గత్తర అంటారు. హాఫ్కిన్ కలరా క్రిములతో టీకాను రూపొందించి జంతువులపై పరీక్షించాడు. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. ఇక మనుషులలో మొదట ఎవరికి వేయాలి? ఈ ప్రశ్నకు ఆయన తన శరీరంతోనే సమాధానం చెప్పాడు. 1892 జూలై 18న ఆ టీకాను తానే వేసుకున్నాడు. జ్వరం వచ్చి తగ్గింది. ఆ తరువాతనే మిత్రులు ముందుకు వచ్చారు.

1893లో ఆయన భారతదేశానికి వచ్చాడు. ప్రజలకు పరదేశి వైద్యుడన్నా, సూది అన్నా అనుమానమే. భారతీయ వైద్యులను వెంట తీసుకొని వెళ్ళినప్పుడే ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. ఎవరినీ బలవంతం చేయకూడదన్నది ఆయన నియమం. 1894 మార్చిలో కలకత్తాలోని కట్టల్ బగాన్ బస్తీలో కలరా తలయెత్తింది. అక్కడి సుమారు 200 మందిలో 116 మంది టీకా వేసుకున్నారు. ఆపైన ఆ బస్తీలో వ్యాధి సోకినవారు టీకా వేసుకోనివారే. ఆ తరువాత సైనిక శిబిరాలలో, కారాగారాలలో, అస్సాం తేయాకు తోటలలో వేలాదిమంది ఆయన టీకాను స్వీకరించారు.

1896లో బొంబాయి నగరంలో ప్లేగు విజృంభించింది. ప్రభుత్వం హాఫ్కిన్‌ను అక్కడికి పంపింది. గ్రాంట్ వైద్య కళాశాలలో ఒక గది, ఒక వరండా, ఒక గుమాస్తా, ముగ్గురు సేవకులు – ఇదే ఆయన ప్రయోగశాల. మాంసరసంలో నేతిచుక్కలు తేలవేసి, వాటి ఆధారంగా ప్లేగు క్రిములను పెంచాడు. పిదప వాటిని వేడిచేసి చంపి టీకా తయారు చేశాడు. 1897 జనవరి 10న తొలి సూది మళ్ళీ ఆయనకే పడింది. తరువాత ఇతరులకు నిర్ణయించిన మోతాదు కంటె ఎక్కువే ఆయన తీసుకున్నాడు.

ఆ నెలాఖరున బైకల్లా కారాగారంలో ప్లేగు ప్రవేశించింది. ఖైదీలలో ఇష్టపడినవారికి టీకా వేశారు. టీకా వేసుకున్నవారికి రక్షణ లభించినట్లు తేలింది. అయితే బంధనంలో ఉన్నవాని సమ్మతి ఎంతవరకు స్వేచ్ఛాయుతమన్న ప్రశ్నను నేటి వైద్యనీతి తప్పక అడుగుతుంది.

అంతకంటె కఠినమైన పరీక్ష 1898లో బరోడా సమీపంలోని ఉంఢేరా గ్రామంలో ఎదురైంది. టీకా నిజంగా పనిచేస్తున్నదని నిరూపించాలంటే పోలిక అవసరం. అందుకు ప్రతి కుటుంబంలోనూ సగం మందికి టీకా వేసి, తక్కిన సగం మందిని విడిచిపెట్టారు. ప్లేగు సోకిన కుటుంబాలలో టీకా పొందినవారిలో ముగ్గురు, పొందనివారిలో ఇరవై ఆరుగురు మరణించారు. ఆ లెక్క టీకా విలువను లోకానికి చాటింది. కాని, ఆ ఇరవై ఆరుగురు కూడా ఆ ఇళ్ళలోని తల్లులు, తండ్రులు, బిడ్డలే. తరువాత లక్షలాదిమందిని కాపాడిన జ్ఞానానికి వారు మూల్యం చెల్లించారు.

ముందుగా వచ్చినవారి విశ్వాసం ఎంత సున్నితమైనదో 1902 చాటిచెప్పింది. ఆ ఏడాది అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మంది టీకా వేసుకున్నారు. వారిలో ఒకే సీసాలోని మందు పొందిన 19 మంది ధనుర్వాతంతో మరణించారు. ప్రభుత్వ విచారణ హాఫ్కిన్ ప్రయోగశాలను తప్పుపట్టింది. ఆయన పదవిని కోల్పోయాడు. అయితే సీసా తెరిచిన రోజున ఒక సహాయకుడు చేతినుండి నేలపై జారిన పరికరాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడినట్లు సాక్ష్యం ఉన్నది. 1907లో పలువురు శాస్త్రజ్ఞులు లండన్ పత్రికాముఖంగా హాఫ్కిన్ నిర్దోషి అని ప్రకటించారు. సికింద్రాబాదులో మలేరియా రహస్యాన్ని ఛేదించిన రొనాల్డ్ రాస్ వారిలో ఒకడు. హాఫ్కిన్ తిరిగి కలకత్తాలో చేరినా, పూర్వపు స్థానం ఆయనకు దక్కలేదు. 1925లో ఆయన స్థాపించిన బొంబాయి ప్రయోగశాలకు హాఫ్కిన్ సంస్థ అని పేరుపెట్టారు. 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండులోని లౌసాన్ నగరంలో ఆయన కన్నుమూశాడు.

ఆయన జీవించి ఉండగానే 1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచాన్ని కబళించింది. భారతదేశంలోనే కోటిమందికి పైగా మరణించారు. మానవులలో ఆ వ్యాధిని కలిగించే వైరస్‌ను 1933లో గాని గుర్తించలేకపోయారు. కనుక నాడు ముందు ఎవరికి టీకా వేయాలన్న ప్రశ్నకే తావు లేకపోయింది. 2009లో కొత్త ఇన్‌ఫ్లుయెంజా వ్యాపించినప్పుడు టీకా సిద్ధమైంది గాని, అందరికీ ఒకేసారి చాలలేదు. ఆరోగ్య కార్యకర్తలకు ప్రథమ స్థానం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. 2021 జనవరి 16న మన దేశంలో కోవిడ్ టీకా కార్యక్రమం కూడా వారితోనే ఆరంభమైంది. రోగికి దగ్గరగా నిలిచేవారు కూలిపోతే తక్కినవారిని ఆదుకొనేవారు ఉండరు. ఆ తరువాత వృద్ధులు, ఇతర వ్యాధులతో బాధపడేవారు వచ్చారు.

ధనం, పదవి, పలుకుబడి వరుసక్రమాన్ని నిర్ణయించరాదు. అపాయం ఎవరికి అధికమో, ఎవరి సేవపై ఇతరుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయో చూడాలి. హాఫ్కిన్ తొలి సూదిని తనకు వేసుకొన్నది వరుసలో ముందుండే లాభాన్ని ఆశించి కాదు. ముందుండే ప్రమాదాన్ని తాను భరించడానికి. ఇతరులను సూదికి చేయి చాపమని అడిగే అర్హతను ఆయన అలా సంపాదించుకున్నాడు.