రోడ్డు పక్కన చెట్టు కింద ఓ.పి. – డాక్టర్ ఐడా స్కడర్

ఈ ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా వ్రాయమని సంపాదక వర్గం వారు అడిగినప్పుడు కొంత సందేహించాను. ఫైళ్ళు, రిజిస్టర్లు తప్ప నాకు వైద్యం తెలియదు. అయితే మన వయసు వారికి ఆస్పత్రితో ఉన్న సంబంధం ఎక్కువ భాగం ఓ.పి.తోనే. పొద్దున్నే వెళ్ళి చీటీ రాయించుకోవడం, బెంచీ మీద కూర్చోవడం, పిలుపు వచ్చాక డాక్టరు గారికి నాలుగు మాటలు చెప్పుకోవడం, మందులు తీసుకుని ఇల్లు చేరడం. ఈ పని ఎలా జరగాలో వందేళ్ళకు పూర్వమే మట్టి రోడ్ల మీద తిరిగి తెలుసుకుని, పది మందికి నేర్పిన ఒక వైద్యురాలి జీవితం చెబితే ఉపయోగంగా ఉంటుందని తోచింది. ఆమే డాక్టర్ ఐడా స్కడర్. మన చిత్తూరు, తిరుపతి వైపు వారు రాయవేలూరు ఆస్పత్రి అని పిలుచుకునే సి.ఎం.సి.ని స్థాపించినది ఆవిడే.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. అప్పటికి రాణిపేట, వేలూరు, చిత్తూరు అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. చిత్తూరు జిల్లా వేరుపడినది 1911లోనే. కాబట్టి ఆమె పుట్టిన జిల్లా సగం అరవ జిల్లా, సగం తెలుగు జిల్లా. ఆమె తాతగారు జాన్ స్కడర్ అమెరికా నుంచి మన దేశానికి వచ్చిన తొలి మిషనరీ వైద్యుడు. తండ్రిగారు కూడా వైద్యుడే. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న 1876–78 నాటి కరువు వచ్చినప్పుడు ఐడాకు ఆరేడేళ్ళ వయసు. ఆకలితో అలమటించే పిల్లలకు తన చిన్న చేతులతో రొట్టెముక్కలు పెట్టవలసి వచ్చింది. ఆ దృశ్యాలు ఆమెను వదలలేదు. అందువల్లనే కాబోలు, పెద్దయ్యాక ఈ దేశంలో మాత్రం ఉండకూడదని, అమెరికాలో సుఖంగా స్థిరపడాలని నిశ్చయించుకున్నారు.

1890లో తల్లికి జబ్బు చేయడంతో ఆమెకు సాయంగా తిండివనం వచ్చారు. కొద్దికాలం ఉండి వెళ్ళిపోవాలన్నదే ఉద్దేశం. ఒక రాత్రి ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురు పురుషులు ఆ ఇంటి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై ప్రాణాపాయంలో ఉన్నారు. తండ్రిగారు వస్తారని ఐడా చెప్పినా, పరాయి పురుషుణ్ణి లోపలికి రానిచ్చే ఆచారం తమకు లేదని వారు వెనుదిరిగారు. ఐడాకు వైద్యం రాదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు తల్లులూ చనిపోయిన వార్త అందింది. ఇళ్ళు దగ్గర, డాక్టరు దగ్గర, మందూ దగ్గర. అయినా వైద్యం అందలేదు. రోగి ఏ పద్ధతిలో అయితే వైద్యం తీసుకోగలడో ఆ పద్ధతిలో వైద్యం అక్కడ లేకపోవడమే కారణం. ఐడా జీవితమంతా ఈ ఒక్క లోపాన్ని పూడ్చడానికే ఖర్చయింది.

ఆమె అమెరికాకు తిరిగివెళ్ళి 1895లో వైద్యవిద్యలో చేరారు. 1899లో కార్నెల్ వైద్య కళాశాల నుంచి పట్టా తీసుకున్నారు. ఆ కళాశాల స్త్రీలను చేర్చుకున్న తొలి జట్టులో ఆమె ఒకరు. 1900 సంవత్సరం మొదట్లో వేలూరు చేరుకున్నారు. న్యూయార్కుకు చెందిన షెల్ అనే బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థం ఆస్పత్రి కట్టడానికి పదివేల డాలర్లు ఇచ్చారు. తండ్రిగారి దగ్గర కొన్నేళ్ళు అనుభవం సంపాదించవచ్చుననుకుంటే, ఆయన ఆ ఏడాదే కన్నుమూశారు. ఇక ఆమె ఒంటరి. ఇంట్లోనే ఒక గదిలో ఒకే ఒక మంచంతో వైద్యం మొదలుపెట్టారు.

జనం వెంటనే రాలేదు. దొరసాని వైద్యం అంటే భయం, అనుమానం. కొందరు అప్పటికే చేయిదాటిన రోగిని చూపించి, ప్రాణం పోతే ఆమెనే నిందించేవారు. ఆమె తలుపు మూయలేదు. వచ్చిన కొద్దిమందినే ఓపికగా చూశారు. నయమైనవారు ఊళ్ళో చెప్పుకున్నారు. రెండేళ్ళలో ఐదువేల మంది రోగులను చూశారని ఆమె చరిత్ర వ్రాసినవారు పేర్కొన్నారు. 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆస్పత్రి తెరుచుకుంది. తరువాతి కాలంలో అది కంటి ఆస్పత్రిగా మారింది.

మన విషయానికి ముఖ్యమైనది ఆ తరువాతి ఘట్టం. ఆస్పత్రి కట్టినంత మాత్రాన పల్లెల్లో వారు రాలేకపోతున్నారని ఆమె గమనించారు. కూలిపని మానుకుని, ఎడ్లబండి కట్టించుకుని, రెండు రోజుల ప్రయాణానికి సిద్ధపడి వచ్చేసరికి జబ్బు ముదిరిపోయేది. అందుకని తామే వారి దగ్గరకు వెళ్ళడం మొదలుపెట్టారు. వేలూరుకు ఇరవై మైళ్ళకు పైగా దూరంలో ఉన్న గుడియాత్తంకు వారానికి ఒకసారి వెళ్ళి రోగులను చూసేవారు. 1909 ప్రాంతంలో ఒక చిన్న ప్యూజో మోటారుకారు వచ్చింది. గుర్రం లేకుండా పరుగెత్తే బండిని చూసి మొదట్లో జనం దయ్యమనుకుని పొలాల్లోకి పారిపోయారట. కొద్ది వారాలకే ఆ జనమే దారి పొడవునా చెట్ల నీడల్లో తమ రోగులను కూర్చోబెట్టి కారు కోసం ఎదురుచూడసాగారు. ఆమె ఆగి, అక్కడే చూసి, అక్కడే మందిచ్చేవారు. అలా ఆగే చోట్లు స్థిరపడ్డాయి. వీటికే రోడ్‌సైడ్ అని పేరు వచ్చింది.

ఆ చెట్ల కింద గోడలు లేవు, బెంచీలు లేవు. కాని మంచి ఓ.పి.కి కావలసిన మూలసూత్రాలన్నీ ఉన్నాయి. నాకు అర్థమైనంతలో అవి ఇవి.

మొదటిది, చెప్పిన రోజున చెప్పిన చోటికి రావడం. ఆ వారం ఆ చెట్టు దగ్గర డాక్టరమ్మ ఉంటుందని తెలిస్తేనే రోగి జబ్బు ముదరక ముందే వస్తాడు. పుండు కడిగించుకున్నవాడు మళ్ళీ కట్టు మార్పించుకోవడానికి వస్తాడు. ఒకసారి చూసి వదిలేసిన వైద్యం సగం వైద్యమే. రెండో దర్శనంలోనే మందు పనిచేసిందీ లేనిదీ తెలిసేది.

రెండవది, పని పంచుకోవడం. కారులో డాక్టరుతో పాటు నర్సు, కాంపౌండరు వచ్చేవారు. ఒకరు పుండ్లు కడిగి కట్లు కట్టడం, ఒకరు మందు కలిపి ఇవ్వడం, డాక్టరు పరీక్షించి నిర్ణయించడం. అంతా డాక్టరే చేయాలంటే సాయంత్రానికి సగం మంది చూపించుకోకుండానే ఇళ్ళకు పోవలసి వచ్చేది. ఆఫీసులో పనిచేసిన మనకు ఈ సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదు. సంతకం పెట్టే అధికారి ఎంత గొప్పవాడైనా కింది సీట్లు సరిగా పనిచేయకపోతే ఫైలు కదలదు.

మూడవది, అక్కడ కాగలదేదో, కానిదేదో తేల్చడం. కళ్ళకలక, సెగ్గడ్డ, పంటిపోటు వంటివి అక్కడికక్కడే చూసేవారు. ఆపరేషను కావలసినవారిని, కాన్పు కష్టమైనవారిని కారులో ఎక్కించుకుని వేలూరు తీసుకుపోయేవారు. వందమందిలో ఆలస్యానికి తట్టుకోలేని ఒకరిద్దరిని గుర్తుపట్టడమే ఓ.పి.లో అన్నిటికన్నా కష్టమైన పని. వరుస ప్రకారం పిలవడం న్యాయమే. కాని ఆయాసపడుతున్నవాణ్ణి వరుసలోనే కూర్చోబెట్టడం న్యాయం కాదు.

నాలుగవది, రోగికి అర్థమయ్యేలా చెప్పడం. మందు ఎన్నిసార్లు, ఎన్నాళ్ళు, ఏది తినాలి, పుండు మీద ఏది పూయకూడదు. పేడ, బూడిద పూసే అలవాటున్న కాలంలో ఈ నాలుగు మాటలూ మందుతో సమానం.

ఇదంతా తాను ఒక్కతే చేయలేనని ఆమెకు త్వరలోనే తెలిసింది. 1909లో నర్సులకు శిక్షణ మొదలుపెట్టారు. ఆ తరువాత స్త్రీలను డాక్టర్లుగా తయారుచేయాలని సంకల్పించారు. ఆడపిల్లలు అసలు వస్తారా అని ప్రభుత్వ వైద్యాధికారులే సందేహించారు. 1918లో వైద్య పాఠశాల తెరిచేసరికి 150కి పైగా దరఖాస్తులు వచ్చాయి. చేర్చుకోగలిగినది పద్ధెనిమిది మందికి మించలేదు. చివరి వరకు నిలిచిన 14 మందీ 1922లో పరీక్షలో నెగ్గారు. ఆ ఏడు రాజధానిలోని మగపిల్లల పాఠశాలల్లో తప్పినవారే ఎక్కువ.

1930ల చివరలో పాత డిప్లొమా చదువు చాలదని, ఎం.బి.బి.ఎస్. స్థాయికి పెంచకపోతే పాఠశాల మూతపడుతుందని తేలింది. డెబ్బై ఏళ్ళ వయసులో, మనం పెన్షను పుస్తకం పట్టుకుని ఇంటి పట్టున ఉండే ప్రాయంలో, ఆమె అమెరికా వెళ్ళి ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు లభించింది. 1947లో పురుష విద్యార్థులకు కూడా ప్రవేశం కల్పించారు. ఆమె తప్పుకున్నాక ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరు అయినవారు మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ గారు కావడం తెలుగువారికి గర్వకారణం.

ఐడా స్కడర్ మతప్రచార సంస్థ పక్షాన వచ్చిన మనిషి. ఆ ప్రచారం కూడా వైద్యంతో పాటు సాగింది. దాన్ని దాచనక్కరలేదు. కాని చెట్టు కింద కూర్చున్న రోగిని ముందు కులమేమిటి, మతమేమిటి అని అడగలేదు. కుష్ఠురోగులను ఊళ్ళు వెలివేసిన రోజుల్లో వేలూరు వైద్యులు వారికి కూడా రోడ్డు పక్కనే వైద్యం చేశారు. ఆమె 1960 మే నెలలో కొడైకెనాలులో, 89వ ఏట కన్నుమూశారు.

ఇప్పుడు ఓ.పి.లో కంప్యూటర్లు వచ్చాయి, పరీక్షలు పెరిగాయి. కాని చెట్టు కింద పనిచేసిన సూత్రాలు మారలేదు. డాక్టరు, నర్సు, చీటీ రాసే గుమాస్తా, మందులిచ్చే ఉద్యోగి ఎవరి పని వారు సరిగా చేసి, ఒకరు తెలుసుకున్నది రెండోవారికి అందిస్తేనే రోగికి మేలు. ఆ జట్టులో మనమూ ఒకరమని మరచిపోతున్నాము. పాత చీటీలు తేదీల వారీగా ఒక సంచిలో పెట్టుకుని వెళ్ళడం, వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం మాత్రలతో సహా, దాచకుండా చూపించడం, చెవి సరిగా వినపడకపోతే కొడుకునో కోడలినో తోడు తీసుకుపోవడం, అర్థం కానిది మళ్ళీ అడగడం మన వంతు పని. అన్నిటికన్నా ముఖ్యం, రక్తపోటుకూ చక్కెరకూ వాడే మాత్రలు ఒంట్లో బాగానే ఉందని మనంతట మనమే ఆపకూడదు.

నూరేళ్ళ నాడు ఆ రోగులు ఎండలో మైళ్ళు నడిచి, చెప్పిన వారానికి చెట్టు దగ్గరకు వచ్చి కూర్చున్నారు. మనకు బస్సు ఉంది, ఆటో ఉంది. మళ్ళీ రమ్మన్న తేదీని గోడ మీద కాలెండరులో గుర్తు పెట్టుకుని, ఆ రోజు తప్పక వెళ్దాం.