ఉప్పులో దొరికిన జవాబు

మా అమ్మమ్మ మెడ మీద నిమ్మకాయంత వాపు ఉంది. వయసుతో వచ్చిందిలే అనుకొని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. దాని గురించి చదువుతుంటేనే నాకు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు తెలిశారు.

ఆయన 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. అప్పట్లో ఆ ఊరు మన గంజాం జిల్లాలోదే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు విడిపోయింది. విశాఖలో వైద్యం చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి వచ్చారు.

రక్తంలో థైరాయిడ్ హార్మోను తగ్గితే మెదడు పసిగడుతుంది. పిట్యూటరీ గ్రంథి ద్వారా థైరాయిడ్‌కి కబురు పంపుతుంది. హార్మోను సరిపోగానే కబురు తగ్గుతుంది. ఒంట్లో తూకం నిలిచేది ఇలాగే. అయోడిన్ చాలకపోతే హార్మోను తయారవదు, కబురూ ఆగదు. పాపం, ఆ గ్రంథి పని చేసీ చేసీ ఉబ్బిపోతుంది. అదే గాయిటర్. గర్భిణికి అయోడిన్ బాగా తక్కువైతే బిడ్డ మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది.

ఇప్పటి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఈ జబ్బు ఎక్కువ. 1950ల్లో ఆయన బృందం లోయను మూడు భాగాలు చేసింది. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు అందించింది. అయోడిన్ అందినచోట గాయిటర్ బాగా తగ్గింది. 1962లో ప్రభుత్వం గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. తర్వాత ఆయన ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరయ్యారు. 2001లో కన్నుమూశారు.

మనకు హుమ్మలో ఉప్పుమడులున్నాయి. కానీ సముద్రపు ఉప్పులో సహజంగా ఉండే అయోడిన్ చాలదు, విడిగా కలపాల్సిందే. అమ్మమ్మ వంటింట్లో ఇన్నేళ్ళూ ఉన్నది ఉత్త రాళ్ళుప్పే. మొన్న సెలవుల్లో అమ్మమ్మని డాక్టరుకి చూపించాం. ఉప్పు ప్యాకెట్టు మీద అయోడిన్ అన్న మాట ఉందో లేదో చూడడం ఇప్పుడు నా పని. మీరూ ఓసారి చూడండి.