టికెట్టు కథకు ముందూ వెనుకా దుర్గాబాయి

1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల వేళ ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర టికెట్టు లేని నెహ్రూను ఆపిన బాలికగా దుర్గాబాయి మనకు బాగా తెలుసు. ముచ్చటైన కథే. అంతకు రెండేళ్ల ముందు అదే ఊరిలో జరిగింది మాత్రం ఇంకా బరువైనది. 1921 ఏప్రిల్‌లో గాంధీ వస్తున్నారని తెలిసి, పన్నెండేళ్లయినా నిండని ఆమె దేవదాసీలనూ ముస్లిం స్త్రీలనూ ఆయనతో కలిపించాలని పూనుకున్నారు. ఐదు వేల రూపాయల నిధి ఇస్తేనే ఆయన సమయం కేటాయిస్తామన్నారు స్థానిక నాయకులు. ఆ సొమ్ము కూడబెట్టింది దేవదాసీలే. గుడి పేరిట బతుకు తాకట్టుపడి, ఊరి మర్యాదకు వెలియైన స్త్రీలు తమ డబ్బుతో తాము సంపాదించుకున్న సభ అది. బ్రాహ్మణ కుటుంబపు బాలిక పేరు చరిత్రకెక్కింది. మనం చెప్పుకునే కథలో వారికి మాత్రం పేర్లు లేవు.

1909లో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధం వద్దనుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లినప్పుడు, చదువూ వకీలూ లేక శిక్షలు మోస్తున్న నిరుపేద ఖైదీ స్త్రీలను చూశారు. న్యాయశాస్త్రం చదవాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. విడుదలయ్యాక బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చున్నారు. వసతిగృహం లేదన్న కారణంతో ఆంధ్ర విశ్వవిద్యాలయం స్త్రీలను చేర్చుకోనంటే, చదవదలచిన అమ్మాయిలను పోగుచేసి తానే వసతి ఏర్పాటు చేశారు. మద్రాసులో తనలా చదువు తప్పిన ఆడవాళ్లను మెట్రిక్‌కు సిద్ధం చేసిన తరగతుల నుంచే 1937లో ఆంధ్ర మహిళా సభ ఎదిగింది.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. మరుసటి ఏడాది మొదలైన సంక్షేమ విస్తరణ పథకాలు ఒక్కొక్కటీ సుమారు పాతిక ఊళ్లకు బాలవాడీ, ప్రసూతి సాయం, వయోజన విద్య, చేతిపనులు అందించాలని సంకల్పించాయి. నిర్వహణను స్వచ్ఛంద మహిళల సంఘాలకు అప్పగించారు. అధికారి చేతిలోని పనిని ఆడవాళ్ల చేతికి మార్చడం ఆనాటికి చిన్న విషయం కాదు.

అయితే ఏ ఆడవాళ్ల చేతికి? ఆ ప్రణాళిక ఊరిని ఒకే ముద్దగా చూసింది. మన పల్లె ఊరుగా, వాడగా చీలి ఉంటుంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామ వ్యవస్థను తూర్పారబట్టినప్పుడు దుర్గాబాయి కూడా ఆ సభలో సభ్యురాలే. అయినా బోర్డు కార్యక్రమాల్లో భూమి లేదు, కూలి రేటు లేదు, మంచినీళ్ల బావి దగ్గరి అంటరానితనం లేదు. తీరికా చదువూ ఉన్న స్త్రీ సేవ చేస్తుంది, లేని స్త్రీ అందుకుంటుంది. కాకినాడలో దేవదాసీలు చందా వేసుకుని నిలబడిన తీరుకు ఇది సరిగ్గా తలకిందులు.

ఆ లోటును కొంత పూడ్చింది 1958లో బోర్డు చేపట్టిన సంక్షిప్త విద్యా కోర్సులు. నా దృష్టిలో ఆమె చేసిన పనుల్లో పదునైనది ఇదే. బడి మానేసిన, భర్త వదిలేసిన, వితంతువులైన వయోజన స్త్రీలను రెండేళ్లలో పరీక్షకు సిద్ధం చేసి గ్రామసేవికలుగా, నర్సులుగా, పంతులమ్మలుగా పంపే పథకం అది. సంక్షేమం అందుకునే స్త్రీ దాన్ని నడిపే స్త్రీ కావడానికి అక్కడ ఒక తలుపు తెరుచుకుంది. అది దుర్గాబాయి సొంత బతుకులోంచి వచ్చిన ఆలోచన.

1981 మే 9న ఆమె కన్నుమూశారు. మరుసటి ఏడాదే డ్వాక్రా మొదలైంది. 1990ల్లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించాక, తెలుగు పల్లెల్లో ఆడవాళ్లు రోజుకో రూపాయి వేసుకుని పొదుపు సంఘాలు కట్టుకున్నారు.