రెల్లు గుడిసెలోని గురువు

మన పిల్లలు ఖాయిదా పట్టుకుని జబర్, జేర్, పేష్ అంటూ వల్లె వేస్తుంటే మనకెంతో ముచ్చటేస్తుంది. ఆ గుర్తులకు నేటి రూపమిచ్చిన గురువు పేరు మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆయనే ఖలీల్ బిన్ అహ్మద్ (రహ్మ).

క్రీ.శ. 718 ప్రాంతంలో ఒమన్‌లో జన్మించిన ఖలీల్ ఇరాక్‌లోని బస్రాలో స్థిరపడి, అక్కడే బోధకులయ్యారు. ఆ రోజుల్లో అచ్చులను రంగు చుక్కలతో సూచించేవారు. అక్షరాలకూ చుక్కలే, అచ్చులకూ చుక్కలే కావడంతో చదువరి తికమకపడే వీలుండేది. ఖలీల్ అలిఫ్, యా, వావ్ అక్షరాలనే చిన్నవిగా చేసి అచ్చుల గుర్తులుగా మలిచారని చరిత్రకారులు చెబుతారు. పేష్‌ను పరికించి చూడండి, బుల్లి వావ్ కనిపిస్తుంది.

ఆయన తీరు లోకానికి వింతగా తోచేది. రాగిపాత్రలు చేసేవారి బజారులో సుత్తి దెబ్బల లయ విని, కవిత్వపు నడకను లెక్కగట్టాలని ఆయనకు తోచిందట. ఒంటరిగా కూర్చుని పద్యాలను తూకం వేస్తూ ఏవేవో శబ్దాలు పలుకుతుంటే, తండ్రికి మతి చలించిందని కొడుకు వీధిలోకి పరుగెత్తాడట. ఆ పిచ్చిలోంచే 15 బహర్ల ఛందశ్శాస్త్రం పుట్టింది. నేటి ఉర్దూ గజళ్లకూ అదే కొలబద్ద.

ఒక శిష్యుడికి ఈ శాస్త్రం ఎంతకీ పట్టుబడలేదు. ఖలీల్ కసురుకోలేదు. చేతకానిదాన్ని విడిచి చేతనైనదాన్ని పట్టుకోమనే అర్థంగల పద్యమొకటి ఇచ్చి, దాన్ని విభజించమన్నారు. శిష్యుడు గురువు మనసు గ్రహించాడు. నలుగురిలో చిన్నబుచ్చుకోవలసిన అవసరం రాలేదు. మరో శిష్యుడు, పారశీకుడైన సీబవైహ్, అరబ్బీ వ్యాకరణానికి మూలగ్రంథమే రాశారు.

సులైమాన్ అనే పాలకుడు కబురంపితే, ఖలీల్ ఎండు రొట్టె చూపించి, ఇది ఉన్నంతకాలం తనకు కొలువు అక్కరలేదని దూతను తిప్పి పంపారు. శిష్యులు ఆయన నేర్పిన విద్యతో ధనం గడించారు. గురువు రెల్లు గుడిసెలోనే ఉండిపోయారు.

క్రీ.శ. 786 ప్రాంతంలో ఆయన మరణించిన తీరునూ ఇలా చెప్పుకుంటారు. అంగడికి వెళ్లే దాసీపిల్ల సైతం మోసపోకుండా లెక్క చూసుకోగల సులువైన పద్ధతి కోసం ఆలోచిస్తూ మస్జిద్‌లోకి నడిచి, స్తంభానికి గుద్దుకుని ఆ దెబ్బతోనే కన్నుమూశారట.

మనం పిల్లల చదువును జీతంతో కొలుస్తున్నాం. సంసారాలు గడవాలి కనుక అది తప్పని అనలేం. కాని తమ చదువు ఆ దాసీపిల్లలాంటి వారికి ఏ మేరకు అక్కరకొస్తుందో కూడా పిల్లలు అడిగి చూసుకోవాలి. ఈ సాయంత్రం మన పిల్లవాడు ఖాయిదా తెరిచినప్పుడు పేష్ మీద వేలు పెట్టించి, ఆ గురువు పేరు ఒక్కసారి చెబుదాం.