ఒత్తిడికి ఒత్తిడినే ఎదురు నిలిపిన చార్లెస్ పార్సన్స్

నెల్లూరు నుంచి కృష్ణపట్నం రేవు వైపు వెళ్తుంటే ముత్తుకూరు దాటాక పెద్ద పొగగొట్టాలు కనిపిస్తాయి. నేలటూరు దగ్గరున్న శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం అది. అక్కడి యూనిట్లు ఒక్కొక్కటి 800 మెగావాట్లవి. బయట నుంచి చూసేవాళ్లకు బొగ్గు కుప్పలు, పొగ, కరెంటు తీగలే కనిపిస్తాయి. లోపల పనిచేసేవాళ్లకు మాత్రం ఇంకో యంత్రం బాగా తెలుసు. అది బాయిలర్ ఫీడ్ పంపు.

ఈ పంపు పని బాయిలర్‌లోకి నీళ్లు తొయ్యడం. వినడానికి చిన్న పనే. కానీ ఇలాంటి సూపర్ క్రిటికల్ కేంద్రాల్లో ఆవిరి ఒత్తిడి 221 బార్ల పైనే ఉంటుంది. మన కారు టైరులో గాలి రెండు బార్ల చిల్లర. అంటే దానికి నూరు రెట్ల ఒత్తిడికి ఎదురుగా నీళ్లను నెట్టాలి. ఒక్క ఇంపెల్లర్‌తో అయ్యే పని కాదు. అందుకే ఒకే షాఫ్ట్ మీద వరుసగా చాలా ఇంపెల్లర్లు బిగిస్తారు. ఒకటి ఇచ్చిన నీటిని ఇంకొకటి అందుకుని మరింత ఒత్తిడి పెంచుతుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ప్రతి ఇంపెల్లర్‌కి వెనక వైపు ఒత్తిడి ఎక్కువ, ముందు నీళ్లు లోపలికొచ్చే నోటి దగ్గర తక్కువ. ఆ తేడా షాఫ్ట్‌ని సక్షన్ వైపు నెడుతుంది. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పళ్లెం మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు 10 కిలోల తేడా పడిందనుకోండి. మొత్తం తోపు మూడు టన్నులు దాటుతుంది. ఇంపెల్లర్లన్నీ ఒకే వైపు తిరిగి ఉంటే అన్ని తోపులూ కలుస్తాయి. దీన్నే యాక్సియల్ థ్రస్ట్ అంటారు. బేరింగ్ ఒక్కటే దాన్ని మోయాలంటే కాసేపట్లో వేడెక్కి మాడిపోతుంది.

మరి పంపు ఎలా నిలబడుతోంది? ఆ జవాబు తెలియాలంటే 1884 నాటి ఇంగ్లండ్‌కు, చార్లెస్ పార్సన్స్ అనే మనిషి దగ్గరకు వెళ్లాలి.

పార్సన్స్ 1854 జూన్ 13న లండన్‌లో పుట్టారు. ఐర్లండ్‌లోని బిర్ కోటలో పెరిగారు. తండ్రి విలియం పార్సన్స్ రాస్ ప్రాంతపు ప్రభువు, పేరున్న ఖగోళ శాస్త్రవేత్త. ఆయన కోట ఆవరణలోనే ఆరడుగుల అద్దంతో టెలిస్కోప్ కట్టించారు. అప్పటికి ప్రపంచంలో అంత పెద్దది ఇంకోటి లేదు. తల్లి మేరీ ఫొటోగ్రఫీలో తొలితరం మనిషి. పిల్లల్ని బడికి పంపలేదు, ఇంటికే పంతుళ్లను పిలిపించారు. పుస్తకం ఒక చేత్తో, సుత్తి ఇంకో చేత్తో పట్టుకుని పెరిగిన బాల్యం అది.

డబ్లిన్ ట్రినిటీ కాలేజీలోనూ, తర్వాత కేంబ్రిడ్జిలోనూ గణితం చదివి 1877లో మంచి ర్యాంకుతో బయటికొచ్చారు. ప్రభువు కొడుకు, గణితంలో దిట్ట. ఆ రోజుల్లో అలాంటి కుర్రాడు ఏ పెద్ద పదవికో వెళ్తాడనుకుంటారు. ఆయన మాత్రం న్యూకాజిల్‌లోని ఆర్మ్‌స్ట్రాంగ్ కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరారు. నూనె మరకల బట్టలతో లేత్ మిషన్ ముందు నిలబడ్డారు. ఇల్మ్ ఎంత ఉన్నా చేతికి హునర్ రాకపోతే యంత్రం మాట వినదని ఆయనకు తెలుసు.

1884లో గేట్స్‌హెడ్‌లోని క్లార్క్ చాప్‌మన్ కంపెనీలో భాగస్వామిగా చేరి కరెంటు విభాగం చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ ఏడాదే ఆవిరి టర్బైన్‌కు పేటెంట్ తీసుకున్నారు. ఆవిరిని ఒకేసారి వదలకుండా వరుసగా ఎన్నో రెక్కల చక్రాల గుండా మెల్లగా విప్పుకుంటూ పోవాలన్నది ఆయన ఆలోచన. మొదటి యంత్రం నిమిషానికి 18,000 సార్లు తిరిగి దాదాపు ఏడున్నర కిలోవాట్ల కరెంటు ఇచ్చింది.

ఇక్కడే ఆయనకూ మన ఫీడ్ పంపు చిక్కే ఎదురైంది. ఆవిరి ఒక కొస నుంచి ఇంకో కొసకు పోతూ అన్ని చక్రాలనూ ఒకే వైపు నెడుతుంది. అంత వేగంలో ఆ తోపును బేరింగ్ మీదే వదిలేస్తే అది ఎంతోసేపు ఆగదు. బేరింగ్‌ని లావు చేసుకుంటూ పోవచ్చు. కానీ అది లావయ్యే కొద్దీ రాపిడీ వేడీ పెరుగుతాయి. పార్సన్స్ ఆ దారి పట్టలేదు. ఆవిరిని షాఫ్ట్ నడిమధ్యకు పంపి, సగం కుడికీ సగం ఎడమకీ పోయేలా చేశారు. కుడి తోపు ఎడమ తోపును కొట్టేసింది. బేరింగ్‌కు మిగిలింది కొంచెమే.

కానీ 1889లో భాగస్వాములతో తేడా వచ్చి ఆయన బయటికొచ్చేశారు. పేటెంట్లు మాత్రం పాత కంపెనీ దగ్గరే ఉండిపోయాయి. తాను కనిపెట్టిన యంత్రాన్ని తానే తయారుచేయకూడని పరిస్థితి. ముప్పై అయిదేళ్ల వయసులో ఎవరికైనా మనసు విరిగిపోయే దెబ్బ అది. ఆయన న్యూకాజిల్ దగ్గర హీటన్‌లో సొంత కార్ఖానా పెట్టుకుని, ఆవిరి అడ్డంగా పోయే ఇంకో రకం టర్బైన్ తయారుచేస్తూ నెట్టుకొచ్చారు. 1894లో పాత హక్కులు తిరిగి చేతికొచ్చాయి.

తర్వాతి పెద్ద యంత్రాల్లో ఆవిరిని ఒక్క వైపే పంపి, తోపును ఆపడానికి డమ్మీ పిస్టన్లు వాడారు. ఇవి పిస్టన్లలా ముందుకూ వెనక్కీ కదలవు, షాఫ్ట్‌తో పాటే తిరుగుతాయి. ఒక ముఖం మీద ఎక్కువ ఒత్తిడి, ఇంకో ముఖం మీద తక్కువ ఉండేలా అమరుస్తారు. రెక్కల తోపు ఒక వైపు, వీటి తోపు ఇంకో వైపు.

ఓడల్లో ఇంకో లెక్క వేశారు. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని ముందుకు నెడుతుంది కదా, ఆవిరి వెనక్కి నెట్టేలా టర్బైన్‌ని అమర్చితే రెండూ సరి. ఆయన కట్టిన టర్బినియా పడవ 1894లో నీళ్లలో దిగింది కానీ మొదట అనుకున్న వేగం రాలేదు. ప్రొపెల్లర్ చుట్టూ బుడగలు పుట్టి నీటి పట్టు తప్పిపోతోంది. పంపుల ఇంపెల్లర్లను తినేసే క్యావిటేషన్ అదే. నీటి తొట్టెలో చిన్న నమూనాలు తిప్పి పరీక్షించి, మూడు షాఫ్ట్‌లు పెట్టి మార్చారు. 1897 జూన్ 26న విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకా ప్రదర్శనలో, నౌకాదళం కళ్లెదుటే ఆ పడవ దాదాపు 34 నాట్ల వేగంతో దూసుకుపోయింది. తొమ్మిదేళ్లకు డ్రెడ్‌నాట్ యుద్ధనౌక టర్బైన్లతోనే నీటిలో దిగింది.

గౌరవాలు చాలా వచ్చాయి. 1911లో సర్ అయ్యారు. దుఃఖమూ వచ్చింది. ఒక్కగానొక్క కొడుకు 1918లో యుద్ధంలో చనిపోయాడు. భార్య క్యాథరిన్, కూతురు రేచల్ 1919లో మహిళా ఇంజనీర్ల సంఘం పెట్టినవాళ్లలో ఉన్నారు. తండ్రి టెలిస్కోపుల మోజు ఆయన్నీ వదల్లేదు. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీకి 15 అంగుళాల టెలిస్కోప్ చేసిన గ్రబ్ కంపెనీని 1925లో ఆయనే కొన్నారు. 1931 ఫిబ్రవరి 11న, ఓడ ప్రయాణంలో ఉండగా, జమైకాలోని కింగ్‌స్టన్ రేవులో కన్నుమూశారు.

ఇక మన పంపు దగ్గరికొద్దాం. పంపుల్లో ఈ ఏర్పాట్లన్నీ పార్సన్స్ ఒక్కడి సొత్తు కాదు, కానీ సూత్రం అదే. చివరి ఇంపెల్లర్ వెనక షాఫ్ట్‌కు బ్యాలెన్స్ డ్రమ్ బిగిస్తారు. దాని ముందు ముఖం మీద డెలివరీ ఒత్తిడి పడుతుంది. వెనక గదిని ఒక పైపుతో సక్షన్ వైపు కలుపుతారు, కాబట్టి అక్కడ ఒత్తిడి తక్కువ. ఇంపెల్లర్లు షాఫ్ట్‌ని ఒక వైపు లాగితే డ్రమ్ రెండో వైపు లాగుతుంది. డ్రమ్ పక్కనుంచి కొంచెం నీరు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. అది మనం కట్టే మూల్యం. కొన్ని పంపుల్లో సగం ఇంపెల్లర్లను ఎదురు తిప్పి బిగిస్తారు. పార్సన్స్ మొదటి యంత్రం గుర్తొస్తోంది కదూ? చిన్న పంపుల్లో కూడా కొన్ని ఇంపెల్లర్ల మధ్యలో చిల్లులు కనిపిస్తాయి. అది పోత లోపం కాదు. వెనక ఒత్తిడిని ముందుకు వదిలే దారి.

మన నెల్లూరు, కడప ఇళ్ల నుంచి ఎంతమంది పిల్లలు కువైట్, సౌదీ వెళ్లారో లెక్కలేదు. సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంట్లలో, పవర్ ప్లాంట్లలో ఇలాంటి పంపుల పక్కనే డ్యూటీ చేసేవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ సన్న బ్యాలెన్స్ పైపును చూసి అదేం పెద్ద పనిచేస్తుందిలే అనుకోకూడదు. అది మూసుకుపోతే డ్రమ్ వెనక ఒత్తిడి పెరుగుతుంది, బ్యాలెన్స్ పోతుంది, తోపంతా బేరింగ్ మీద పడుతుంది. ఆ పైపులో నీరు రోజురోజుకూ పెరుగుతుంటే డ్రమ్ అరిగిందన్న మాట. బేరింగ్ వేడి మీటరు ఎక్కుతుంటే పైవాళ్లకు వెంటనే చెప్పాలి.

మీ ఇంట్లో అబ్బాయో అమ్మాయో ఐటీఐ ఫిట్టర్‌లో చేరతానంటే చిన్నచూపు చూడకండి. కేంబ్రిడ్జిలో చదివిన ప్రభువు కొడుకు కూడా ఆ పనిబల్ల దగ్గరే నిలబడి నేర్చుకున్నాడు.