మేఘాలకు పేర్లు పెట్టిన మందుల వ్యాపారి



ఏప్రిల్, మే నెలల్లో వార్తలు పెడితే క్యుములోనింబస్ మేఘాలు అన్న మాట మీ చెవిన పడే ఉంటుంది. మీ పిల్లల పుస్తకాల్లో సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్ కూడా ఉంటాయి. నోరు తిరగని ఈ పేర్ల వెనక ఉన్నది వాతావరణ శాస్త్రవేత్త కాదు. లండన్‌లో మందులు తయారు చేసి అమ్ముకున్న ల్యూక్ హోవర్డ్.

ఆయన 1772లో పుట్టారు. తండ్రికి రేకు సామాన్ల వ్యాపారం. బర్‌ఫర్డ్ అనే ఊళ్లో చదివిన బడిలో లాటిన్ వ్యాకరణానిదే రాజ్యం, సైన్సు ఊసు తక్కువ. హోవర్డ్ చూపేమో ఎప్పుడూ కిటికీ బయట మబ్బుల మీద. పేరెంట్స్ మీటింగ్‌లో టీచరు మనకు ఇదే మాట చెబితే ఇంటికొచ్చి ఏమంటామో వేరే చెప్పాలా? 1783లో, ఆయనకు పదకొండో ఏడు నడుస్తుండగా, ఐస్‌లాండ్‌లో లాకి అగ్నిపర్వతం పేలి ఆ పొగమంచు యూరప్‌ను కమ్మేసింది. ఆగస్టులో ఒక పెద్ద ఉల్క ఇంగ్లండ్ ఆకాశాన్ని వెలిగిస్తూ పోయింది. ఆకాశం మీద ఆసక్తి ఇక వదల్లేదు.

చదువయ్యాక ఒక మందుల దుకాణంలో పని నేర్చుకుని, తర్వాత సొంత వ్యాపారం పెట్టారు. లండన్‌లో కొందరు మిత్రులు కలిసి నడుపుకునే సైన్సు సంఘంలో సభ్యులంతా వంతులవారీగా వ్యాసం చదవాలి, లేకపోతే జరిమానా. 1802 డిసెంబరులో తన వంతు వచ్చినప్పుడు హోవర్డ్ మేఘాల గురించి చదివారు.

అప్పటిదాకా మేఘాన్ని వర్గీకరించవచ్చని ఎక్కువమంది అనుకోలేదు. చూస్తుండగానే మారిపోయేదానికి పేరేమిటి? ఆకారాలు లెక్కలేనన్ని ఉన్నా మూల రూపాలు మూడేనని హోవర్డ్ చూపించారు. జుట్టు పాయల్లా ఉండేది సిర్రస్, కుప్పపోసినట్లుండేది క్యుములస్, పొరలా పరుచుకునేది స్ట్రాటస్. వాన కురిసేది నింబస్. ఒకటి మరొకటిగా మారుతుంటే రెండు పేర్లూ కలిపి పిలవడమే. అసలు తెలివి ఇక్కడుంది: మార్పునే పేరులో పెట్టేశారు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో లామార్క్ కూడా మేఘాలకు పేర్లు పెట్టారు, కానీ ఫ్రెంచిలో. అవి నిలవలేదు. లాటిన్ పేర్లు ఏ దేశానికీ పరాయివి కాలేదు.

ఈ పేర్లు పిల్లలకు మార్కుల కోసమే కాదు, డాబా మీద కూడా పనికొస్తాయి. ఎత్తున దూది పీచులా కనిపించే సిర్రస్ మంచు స్ఫటికాలే, వాన ఇవ్వవు. అవి చిక్కబడి పలచని తెరగా మారితే సిర్రోస్ట్రాటస్. సూర్యుడి చుట్టూ, చంద్రుడి చుట్టూ మన పెద్దలు వరదగుడి అని చూపించే వలయం ఆ తెరదే. కిందుగా పరుచుకున్న స్ట్రాటస్ తుంపరతో సరిపెడుతుంది. మధ్యాహ్నం తెల్లగా, అడుగు చదునుగా తేలే చిన్న క్యుములస్‌తో భయం లేదు. అది కాలీఫ్లవర్‌లా పైపైకి ఎదిగి, తల కమ్మరి దాగలిలా చదునైతే మాత్రం క్యుములోనింబస్: ఈదురుగాలి, పిడుగులు, ఒక్కోసారి వడగళ్లు. ఉరుము వినిపించగానే పిల్లల్ని మైదానం నుంచి, చెట్ల కింద నుంచి ఇంట్లోకి పిలవండి. ఈ జంట పేరు తర్వాతివాళ్లు పెట్టినది, పద్ధతి మాత్రం హోవర్డ్‌దే.

ఆయన అక్కడితో ఆగలేదు. ఏళ్ల తరబడి రోజూ ఉష్ణోగ్రత రాసిపెట్టి, రాత్రిళ్లు లండన్ నగరం చుట్టుపక్కల పల్లెల కంటే వెచ్చగా ఉంటుందని తేల్చారు. కాంక్రీటు అపార్ట్‌మెంట్లలో మే నెల రాత్రులు గడిపే మనకు దాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు.

జర్మన్ మహాకవి గోథే ఆ మేఘాల వ్యాసం చదివి ముచ్చటపడి, హోవర్డ్ మీద కవితలు రాశారు. జీవిత కథ రాసి పంపమని కబురు పెడితే, ఎవరో ఆటపట్టిస్తున్నారని హోవర్డ్ మొదట నమ్మలేదు. చివరికి రాసి పంపిన ఆ కథలో, బడిలో లాటిన్ వ్యాకరణం మరీ ఎక్కువ నేర్పారని, మిగతావి మరీ తక్కువని ఫిర్యాదు కూడా చేశారు.

1864లో, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు. లండన్ టాటెన్‌హామ్‌లో ఆయన ఉన్న ఇంటి గోడకు ఇప్పుడొక నీలం ఫలకం ఉంది. మేఘాలకు పేరు పెట్టినవాడు అక్కడ ఉండేవాడని దాని మీద రాశారు. మందుల వ్యాపారం ప్రస్తావన లేదు.